గద్వాల తన్వీర్‌కు ఉద్ది

మగవాడికి మగవాడి మీద సవతి పోరు ఉంటుందా అని ఎవరైనా అడిగితే, ఎందుకుండదు, బిజినేపల్లి పోయి టైలర్ మహబూబ్‌ను చూసి రండి అంటాను. అడిగితే మాత్రం ఒప్పుకోడు. చేతిలో కత్తెర పక్కన పెట్టి మరీ మీద పడి కొట్లాడతాడు. అది వేరే సంగతి.

మహబూబ్ పగలంతా బట్టలు కుడతాడు. పొద్దు వాలిందంటే మిషన్ మీద గుడ్డ కప్పి వాలీబాల్ గ్రౌండుకు పోతాడు. పెళ్లిళ్ల రోజుల్లో గిరాకీ గుమ్మం ముందు నిలబడి తిట్టినా సరే, పోవడం పోవడమే. జట్టులో అతను లిఫ్టర్. అంటే నెట్టు పక్కన నిలబడి, వెనకనుంచి వచ్చిన బంతిని వేళ్ల కొసలతో మెత్తగా పైకి లేపి, పక్కవాడు ఎగిరి కొట్టేందుకు అందించేవాడు. కొట్టినవాడికి ఈలలు, చప్పట్లు. లేపినవాడి మొఖం ఎవడూ చూడడు. అయినా లేపేవాడు సరిగ్గా లేకపోతే కొట్టేవాడు ఎంత మొనగాడైనా గాల్లో చెయ్యి ఊపుకుంటూ దిగాల్సిందే. ఈ ముక్క మహబూబ్‌కు తెలుసు. ఆ ఒక్క గర్వంతోనే పన్నెండేళ్లు ఆడాడు.

అతని బంతి కొట్టేవాడు సుదర్శన్. తాటిచెట్టంత మనిషి, ట్రాలీ ఆటో నడుపుతాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. సుదర్శన్ పెళ్లిచూపులకు ప్యాంటు కుట్టిందీ మహబూబే, వెంట పోయిందీ మహబూబే. పిల్ల నచ్చిందా అని పెద్దలు అడిగితే, సుదర్శన్ ఇంకా సిగ్గుపడుతుండగానే మహబూబ్ తలూపేశాడు. ఊళ్లో వాళ్లు కూడా సుదర్శన్ షాట్ బాగా పడితే, "మహబూబ్ లేపిండు, సుదర్శన్ కొట్టిండు" అని రెండు పేర్లూ కలిపే చెప్పేవారు. ఆ మాట వింటే మహబూబ్‌కు బిర్యానీ తిన్నంత తృప్తి.

రెండువేల ఆరో సంవత్సరం ఎండాకాలంలో ఈ సంసారంలో నిప్పు పడింది. సుదర్శన్ గద్వాలకు లోడు తీసుకుని పోయాడు. అక్కడ బండి చెడిపోయింది. బాగయ్యేసరికి సాయంత్రమైంది. ఊరికే కూర్చోలేక గ్రౌండుకు పోతే, ఒడ్డూ పొడుగూ చూసి వాళ్లు ఆటకు పిలిచారు. మరుసటి రోజు పొద్దున్నే మహబూబ్ దుకాణం ముందు దిగాడు, మొఖం వెలిగిపోతూ.

"బావా, గద్వాలల ఒక పోరడున్నడు. తన్వీరంట. ఏం లేపుతడు బావా! బంతి పైకి పోయి జరసేపు గాల్లె కూసుంటది. మనం నిమ్మలంగ పోయి కొట్టుడే."

మహబూబ్ కుట్టు ఆపలేదు. "కూసుంటదా? కుర్సీ ఏసినవా దానికి?"

"నవ్వకు బావా, నిజం చెప్తున్న."

"నేనెక్కడ నవ్విన?"

నిజమే, నవ్వలేదు. ఆ రోజు పెద్దరైతు వెంకటయ్య లాల్చీకి జేబు లోపలివైపు కుట్టాడు. వెంకటయ్య ఎవరో కాదు, జట్టుకు పెద్దదిక్కు. బంతులూ నెట్టూ ఆయన ఇంట్లోనే ఉంటాయి. లాల్చీ తొడుక్కుని చెయ్యి పెట్టబోతే జేబు దొరక్క, "ఏందివయా ఇది, దొంగల భయమా?" అని నవ్వాడు. మహబూబ్ కుట్లు విప్పుతూ కూడా గద్వాల పోరణ్నే తిట్టుకున్నాడు. వాడు చేసిన పాపమేమిటంటే, బంతి బాగా లేపడం.

సుదర్శన్ అంతటితో ఆపితే బాగుండేది. చాయ్ తాగుతూ తన్వీర్, బీడీ ముట్టిస్తూ తన్వీర్. గ్రౌండులో మహబూబ్ లేపిన బంతిని కొట్టి కిందికి దిగుతూ, "గా పోరడైతేనా..." అని మొదలుపెట్టి, నాలుక్కరుచుకుని ఆగిపోయేవాడు. ఆగిపోయిన ఆ సగం మాట మహబూబ్‌కు మొత్తం మాటకన్నా ఎక్కువ కాలేది. ఒళ్లు మండేది. పక్కనే నేను లేపుతుంటే, నా బంతి కొడుతూ, ఇంకొకడి బంతిని తలుచుకుంటాడా?

ఇంట్లో భార్య గజాలా రెండు రోజులు చూసింది. మూడోరోజు రొట్టె పెడుతూ అడిగేసింది.

"ఏం జీ, సవతి వచ్చిందా ఏంది, మొఖం గట్ల పెట్టినవ్?"

"నీకు ఆట సంగతి తెల్వదు, ఊకో."

"ఆట సంగతి తెల్వదు గాని మొగోని మొఖం సంగతి తెలుసు. పొరుగింటి పుల్లకూర రుచి. నాలుగొద్దులు పోతే సుదర్శనన్ననే మర్చిపోతడు తియ్."

మర్చిపోవడం అటుంచి, ఆ పుల్లకూరను ఇంటికే తెచ్చుకునే దారి ఒకటి ఊడిపడింది.

ప్రతి ఎండాకాలం వనపర్తిలో చుట్టుపక్కల ఊళ్ల జట్లకు పోటీలు జరిగేవి. వెనకటికి ఒక్కో ఊరివాళ్లు దూరం నుంచి ఆటగాళ్లను జీపుల కొద్దీ దింపి గెలుస్తుంటే, పెద్దలు కూర్చుని కట్టడి చేశారు. ఒక్కో జట్టు ఒక్క బయటి మనిషినే తీసుకోవాలి. పోటీలో ఉన్న జట్లు తమలో తాము మనిషిని ఇచ్చిపుచ్చుకుంటే అది ఈ లెక్కలోకి రాదు. పోటీకి ముందురోజు బయటివాళ్లంతా వచ్చి వరసగా కూర్చుంటారు. పోయిన ఏడు అందరికన్నా అడుగున మిగిలిన జట్టు మొదట ఎంచుకుంటుంది, ఆ పైవాళ్లు తర్వాత. ఈసారి మొదటి వంతు నాగర్‌కర్నూల్ వాళ్లది, మూడో వంతు బిజినేపల్లిది. గద్వాల జట్టు తమలో తాము కొట్లాడుకుని ఆ ఏడు పోటీకే దిగలేదు కాబట్టి, తన్వీర్ వచ్చి బయటివాళ్ల వరసలో కూర్చుంటున్నాడు. మూడో వంతు దాకా వాడు మిగలడని పసిపిల్లనడిగినా చెబుతుంది.

నాగర్‌కర్నూల్ కెప్టెన్ కుర్మయ్య గట్టి బేరగాడు. వెంకటయ్యకు ఫోన్ చేశాడు. "అన్నా, మా వంతు మీరు తీస్కోండ్రి. మీ మూడో వంతు మాకియ్యిండ్రి. పైకెల్లి మీ ఆటగాన్ని ఒకన్ని ఈ పోటీ మందం మాకు పంపిండ్రి. పోరడు ఒక్కడొస్తే మాకేం ఒరుగుతది? మాకు ఇద్దరు గావాలె."

వెంకటయ్య అందరినీ రేణుకమ్మ చాయ్ హోటల్‌కు పిలిచి సంగతి చెప్పాడు.

"తీస్కుందం కాకా!" సుదర్శన్ బల్ల మీద చరిచాడు, గ్లాసులు ఎగిరాయి. "గా పోరడొస్తే ఈసారి కప్పు మనదే."

వెనక వరసలో ఆడే తౌసీఫ్‌కు నచ్చలేదు. "ఒక్కని కోసం ఇంకొకన్ని ఇచ్చుడేంది? కలిసి ఆడి ఆడి ఒకల చెయ్యి ఒకలకు తెలిసింది. కొత్తోడొచ్చి అంతా కిందిమీద జేస్తే? మూడో వంతుల గూడ మంచోడే దొరుకుతడు."

"మంచోడు వేరు, తన్వీర్ వేరు," అన్నాడు సుదర్శన్.

"వచ్చిండంటే మన మహబూబ్ భాయ్ సంగతేంది మరి?"

అడగకూడని మాట తౌసీఫ్ అడిగేశాడు. అందరూ చాయ్ గ్లాసుల్లోకి చూశారు. వెంకటయ్య గొంతు సవరించుకున్నాడు. "మహబూబ్ ఏడికి పోతడు? ఉంటడు. మార్చుకుంట మార్చుకుంట ఆడిపిద్దం."

మార్చుకుంట మార్చుకుంట! తిట్టినా ఇంత బాధపడేవాడు కాదు మహబూబ్. సుదర్శన్ ఏమైనా అంటాడేమోనని చూశాడు. "మా బావ లేకుంటే నేనాడ" అనే ముక్క వాడి నోట వస్తుందేమోనని ఒక గుక్కెడు చాయ్ మింగేంత సేపు ఎదురుచూశాడు. సుదర్శన్ రేణుకమ్మను ఇంకో చాయ్ అడిగాడు. అప్పుడు మహబూబ్ గుండెలో ఏదో గట్టిపడింది. వద్దని మొహాన చెబితే కుళ్లుబోతు అంటారు. వద్దనకుండానే ఆపాలి.

"తెచ్చుకుందం. నాదేం అడ్డం లేదు," అన్నాడు నెమ్మదిగా. "గాని రివాజు ప్రకారం పోదం. ఉద్దికి ఉద్ది."

ఉద్ది అంటే ఏమిటో పల్లెలో ఆడి పెరిగినవాడికి చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు జట్లు పంచుకునేటప్పుడు ఆటలో సమానమైన ఇద్దరు జతగా వచ్చి నిలబడతారు. ఒకడు ఇటు, ఒకడు అటు. ఆ సమానుడే ఉద్ది. వనపర్తి పెద్దలు ఈ పిల్లల పద్ధతినే పోటీల్లోకి తెచ్చి పెట్టారు. మనిషిని ఇచ్చి పుచ్చుకోవాలంటే, పోయేవాడు వచ్చేవాడికి ఉద్ది అయి ఉండాలి. ఆ మాట కూడా కెప్టెన్ చెబితే చెల్లదు. పోయేవాడే అందరి ముందుకు వచ్చి "నేను ఇతనికి ఉద్ది" అని తన నోటితో చెప్పాలి. మనిషేమన్నా మేకపోతా, తాడు కట్టి అప్పగించడానికి? చాలా ఏళ్లుగా ఎవరూ ఆ దారిన పోలేదు కానీ, రివాజు రివాజే.

"శబాష్ మహబూబ్! మంచిగ యాదికి తెచ్చినవ్," అన్నాడు వెంకటయ్య.

మహబూబ్ లెక్క తేలికైనది. గద్వాల పోరడికి నేను ఉద్ది అని చెప్పుకునే దమ్ము జట్టులో ఎవడికీ లేదు. చెప్పుకోగలిగిన లిఫ్టర్ తనొక్కడే. తాను నోరు విప్పడు. ఎవడూ నిలబడకపోతే బేరం అక్కడికక్కడే చెడుతుంది. పాపం తనకు అంటదు. ఆ పూట ఇంటికి పోయి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు. గజాలా వింతగా చూసింది కానీ ఏమీ అడగలేదు.

పోటీకి ముందురోజు అందరూ వనపర్తి చేరారు. గ్రౌండు పక్కన వేపచెట్టు నీడలో బయటి ఆటగాళ్లు బెంచీల మీద కూర్చున్నారు. మహబూబ్ అప్పుడే తన్వీర్‌ను మొదటిసారి చూడటం. పొగరుగా ఉంటాడని, కళ్లజోడు పెట్టుకుని జుట్టు ఎగరేస్తుంటాడని ఊహించుకుని పోయాడు. తిట్టుకోవడానికి వీలుగా ఉండాలి కదా మరి. తీరా చూస్తే సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. లేచి ఎదురొచ్చి చెయ్యి గుండెకు ఆనించాడు.

"సలామాలేకుం భాయ్. బిజినేపల్లి మహబూబ్ భాయ్ మీరే గదా? మీ లిఫ్టు సంగతి మా గద్వాలల గూడ చెప్తరు."

"వాలేకుం సలాం," అన్నాడు మహబూబ్. లోపల మాత్రం, వీడు మంచివాడు కూడానా, ఇంక నాకేం మిగిలింది అనుకున్నాడు.

అంతలో ఎవరో విసిరిన బంతి వాళ్ల వైపు వచ్చింది. తన్వీర్ మహబూబ్‌తో మాట్లాడుతూనే, బంతి వైపు సరిగ్గా చూడనైనా చూడకుండా, రెండు చేతులెత్తి అలా తాకి పంపాడు. చప్పుడు లేదు. బంతి తిరగకుండా, వణక్కుండా లేచింది. పైన ఒక్క క్షణం ఆగి, ఇక దిగుదామా అన్నట్టు దిగింది. సుదర్శన్ చెప్పిందాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఇన్నేళ్లు బంతి లేపిన మనిషికి ఒక్క బంతి చాలు తెలుసుకోవడానికి. తెలిసింది.

పెద్దలు వచ్చి కూర్చున్నారు. కుర్మయ్య మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు.

"వంతులు మార్చుకునేతందుకు మేం ఒప్పుకున్నం. ఇగ చెప్పుండ్రి. ఈ పోరనికి ఉద్ది ఎవలు?"

బిజినేపల్లి వాళ్లంతా నేల చూశారు. తౌసీఫ్ కాలితో మట్టి గీకాడు. వెంకటయ్య ఒక్కొక్కరి మొఖం చూస్తున్నాడు. ఎవరూ కదల్లేదు. మహబూబ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంకొంచెం సేపు, ఇంకొంచెం సేపు ఓర్చుకుంటే చాలు, అయిపోతుంది.

కుర్మయ్య నవ్వాడు. "ఏందివయా, బిజినేపల్లిల ఒక్కడు గూడ లేడా? మహబూబ్ భాయ్ ఉన్నడు గదా అనుకున్న. ఏం భాయ్, నువ్వు గూడ కాదంటవా?"

నాగర్‌కర్నూల్ వైపు నుంచి నవ్వులు వచ్చాయి. మహబూబ్ పళ్లు బిగించాడు. నవ్వుకోనీ. నవ్వులతో పోయేదేం లేదు. అప్పుడు సుదర్శన్ ముందుకొచ్చాడు, పాపం, బావ పరువు కాపాడదామనే.

"ఊకో అన్నా, మా బావను పరేషాన్ చెయ్యకు. ఈ వయసుల గా పోరనితోని పోలికేంది?"

లోకమంతా అంటే పడేవాడు. సుదర్శన్ అన్నాడు. అదీ జాలిగా అన్నాడు. మహబూబ్ వేసుకున్న లెక్క, పన్నిన ఎత్తు, బిగించిన పళ్లు అన్నీ ఎటు పోయాయో పోయాయి.

"నేను ఉద్ది!"

గొంతు తనదేనా అన్నంత పెద్దగా వచ్చింది. రెండంగలేసి పోయి తన్వీర్ పక్కన నిలబడ్డాడు. "బిజినేపల్లి మహబూబ్. ఈ పోరనికి నేను ఉద్ది. కాదన్నోన్ని రమ్మను."

"మాటేనా?" అన్నాడు కుర్మయ్య.

"మాటే!"

"అయితే దా భాయ్, మా దిక్కు." కుర్మయ్య చప్పట్లు కొట్టాడు. పెద్దలు తలూపారు. తన్వీర్ తన సంచి భుజాన వేసుకుని లేచి, బిజినేపల్లి వాళ్ల వైపు నడిచాడు. సుదర్శన్ "బావా!" అన్నాడు. ఆ పిలుపు విన్నాక గానీ మహబూబ్‌కు తానేం చేశాడో తెలియలేదు. తాను వేసిన ముడి తన మెడకే బిగిసింది. విప్పుకుందామంటే మాట ఇచ్చింది తన నోరే.

మరుసటి పొద్దున మొదటి ఆటే నాగర్‌కర్నూల్‌కూ బిజినేపల్లికీ పడింది. మహబూబ్‌కు ఎవరిదో చొక్కా ఇచ్చారు. చంకల్లో బిగుతు. టైలర్ కదా, ఆ కుట్టు చూస్తేనే కోపమొచ్చింది. నెట్టుకు అవతల సుదర్శన్, వాడి పక్కన, తాను నిలబడే చోట, తన్వీర్. ఒక్క అరనిమిషం చూశాడు, చూడలేకపోయాడు. కుర్మయ్యను పక్కకు పిలిచాడు.

"సుదర్శన్‌ది ఒకటే షాట్. గీత పొంటి నేరుగ కొడతడు. అడ్డంగ కొట్టుడు రాదు ఆనికి. గా గీత మీద ఇద్దరిని నిలబెట్టు, పనైపోతది."

చెప్పగానే నోరు చేదైంది. అయినా వెనక్కి తీసుకోలేదు. తగలాలి వాడికి. నా మీద జాలిపడ్డాడు కదా, ఇప్పుడు తగలాలి.

మొదట అలాగే జరిగింది. సుదర్శన్ ఎగిరి కొట్టిన ప్రతి బంతీ గీత మీదున్న ఇద్దరి చేతుల్లోకే పోయింది. నాగర్‌కర్నూల్ వాళ్లు ఎగిరి గంతులేశారు. సుదర్శన్ నడుముల మీద చేతులు పెట్టుకుని నెట్టు సందుల్లోంచి మహబూబ్ వైపు చూశాడు. ఎవరు చెప్పారో వాడికి అర్థమైంది. మహబూబ్‌కు సంతోషమేసింది. పాడు సంతోషం, అయినా సంతోషమే.

తన్వీర్ మాత్రం గీత మీద నిలబడ్డ ఆ ఇద్దరినీ ఒకసారి చూశాడు. తర్వాతి బంతిని నెట్టుకు జర ఎడంగా, ఎప్పటికన్నా కొంచెం వెనగ్గా లేపాడు. సుదర్శన్ అలవాటు కొద్దీ ముందుకు ఉరికి, తడబడి, ఒకడుగు వెనక్కి వేసి ఎగిరాడు. చెయ్యి అడ్డంగా తిరిగింది. బంతి అవతలి మూలలో దుమ్ము లేపింది. అక్కడ ఎవరూ లేరు. మహబూబ్ మాట విని కుర్మయ్య ఆ మూల ఖాళీ చేసి పెట్టాడు.

సుదర్శన్ తన చేతిని తానే చూసుకున్నాడు. మళ్లీ అదే బంతి, మళ్లీ అదే మూల. ఈసారి తడబడలేదు. గ్రౌండు చుట్టూ జనం లేచి నిలబడ్డారు. కుర్మయ్య చిందులు తొక్కాడు. "అడ్డం కొట్టుడు రాదంటివి గదనయా!" రాదన్నది అబద్ధం కాదు. నిన్నటిదాకా రాదు.

బిజినేపల్లి గెలిచింది. జనంలోంచి దారి చేసుకుని సుదర్శన్ పరుగున మహబూబ్ దగ్గరికే వచ్చాడు. గుట్టు చెప్పినందుకు తిడతాడనుకున్నాడు మహబూబ్. తిడితే బాగుండుననుకున్నాడు కూడా. సుదర్శన్ మొఖంలో ఆ సంగతే లేదు. చెమటతో, నవ్వుతో వెలిగిపోతున్నాడు.

"బావా, చూసినవా? నా చెయ్యి గట్ల తిరుగుతదని నాకే తెల్వదు బావా!"

"చూసిన."

"ఏం పడ్డది బావా మూలకు!"

మహబూబ్ అడగకూడదనుకున్నాడు. అడిగాడు. "నేను లేపినప్పుడు ఎన్నడన్నా గట్ల కొట్టినవా?"

సుదర్శన్‌కు బావతో అబద్ధమాడే అలవాటు లేదు. నుదుటి చెమట తుడుచుకుంటూ నిజంగానే ఆలోచించాడు. "లేదు బావా. నీ బంతి నెట్టుకు ఆనుకునే వస్తుండె గదా. చెయ్యి తిప్పనీకె జాగనే లేకుండె."

ఈ రోజు ఎండ ఎక్కువుంది అన్నంత మామూలుగా అన్నాడు. నొప్పించాలని అన్న మాటైతే మహబూబ్ తిరిగి కొట్లాడేవాడు. సుదర్శన్‌ను తయారుచేసింది నేనే అని ఇన్నేళ్లు ఛాతీ విరుచుకుని తిరిగాడు. వాడికి ఒకటే షాట్ వచ్చని కుర్మయ్యకు చాడీ చెప్పాడు. ఆ ఒక్క షాట్‌కు వాణ్ని కట్టేసిన చేతులు ఇవే. ఇంకో షాట్ వాడిలో ఉందని, ఒక్కసారి చూసిన గద్వాల పోరడికి తెలిసింది, తనకు తెలియలేదు. వాడి లిఫ్టును చూసి కుళ్లుకున్నప్పుడు కూడా ఇంత మంట లేదు.

గ్రౌండు అవతల నుంచి తన్వీర్ బంతి చేతపట్టుకుని కేకేశాడు. "సుదర్శనన్నా, దా, ఇంకో నాలుగు కొడదం!"

"వస్త బావా," అని సుదర్శన్ అప్పటికే కదిలాడు. పొడుగు కాళ్లతో, చిన్నపిల్లాడిలా గ్రౌండంతా దాటుకుంటూ ఉరికాడు. మహబూబ్ ఆ బిగుతు చొక్కాలో నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఆ ఉరుకు ఇన్నాళ్లూ తనవైపు వచ్చేది.